మా ఇంట్లో పిల్లనగ్రోవి

కిందటి దసరాల్లో అమ్మవారి దర్శనం చేసుకుని కొండ దిగుతుంటే, పొడుగు కర్రకి పిల్లనగ్రోవులు గుత్తులుగా కట్టుకుని ఒకతను ఊదుకుంటూ ఎదురొచ్చాడు. అతను ఊదుతుంటే ఎంత తేలిగ్గా ఉందో! మా చిన్నది పట్టుబట్టి ఒకటి కొనిపించుకుంది. ఇల్లు చేరేదాకా ఊదుతూనే ఉంది. గాలి తప్ప ఏమీ రాలేదు. అయినా వదల్లేదు, "మాస్టారి దగ్గర చేర్పించమ్మా" అని మొదలుపెట్టింది.

అత్తయ్యగారు మాత్రం, "ఆడపిల్లకి పిల్లనగ్రోవేమిటే? ఊపిరితిత్తులు పాడవుతాయి. వీణో, పాటో నేర్పించు" అన్నారు. ఆవిడ మాట తీసిపారెయ్యడం నాకు అలవాటు లేదు. పైగా మా అమ్మ కూడా ఇదే మాట అనేది. అసలు ఈ మాట ఎంత నిజమో చూద్దామని పాత పుస్తకాలు తీశాను. ఏదో చూద్దామనుకున్నది ఎక్కడికో పోయింది.

ముందు పేరు సంగతి. క్రోవి అంటే గొట్టం. వసంతాలాడే చిమ్మనగ్రోవిలో ఉన్నదీ ఆ క్రోవే. వేణువు అంటే సంస్కృతంలో వెదురు. వంశం అన్నా వెదురే. కణుపు మీద కణుపు వేస్తూ పెరుగుతుంది కాబట్టి కాబోలు, తరాల వరసకీ అదే మాట వాడారు. బి.ఎ.లో ఈ మాట చదివినప్పుడు పరీక్ష కోసం గుర్తుపెట్టుకున్నానే గానీ, చేతిలో వెదురు ముక్క పట్టుకుంటే వేరేగా ఉంది.

ఊదే వాయిద్యం మనుషులకి ఎంత పాతదంటే, జర్మనీలో ఒక గుహలో రాబందు ఎముకకి రంధ్రాలు చేసిన గొట్టం దొరికింది. దాని వయసు 35,000 ఏళ్ల పైమాటే. మన దగ్గర భరతుడి నాట్యశాస్త్రంలో వేణువుకి విడిగా ఒక అధ్యాయమే ఉంది. ఇక మనకి దగ్గరి సాక్ష్యం అమరావతి. పెదవికి అడ్డంగా పట్టుకుని ఊదే వేణువు, సుమారు 1,800 ఏళ్ల నాటి ఆ శిల్పాల్లో కనిపిస్తుంది. అదే అమరావతి పలకల మీద ఆడవాళ్లు గుంపుగా కూర్చుని విల్లులాంటి వీణలూ మద్దెలలూ వాయిస్తుంటారు. ఆ పలకలు చాలావరకు చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన ఏటి ఒడ్డున చెక్కినవి చూడాలంటే మనమే ప్రయాణం కట్టాలి.

మన డెల్టాలో వేణువు పట్టుకున్న దేవుడికి కొదవలేదు. మొవ్వలో వేణుగోపాలుడు, కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవిలో వేణుగోపాలుడు. క్షేత్రయ్య పదాలన్నీ ఆ మువ్వగోపాలుడి పేరుతోనే. మొవ్వకి దగ్గర్లోనే కూచిపూడి. ఆ నాట్యం వెనక వేణువు లేకుండా ఊహించుకోలేం.

కానీ కచేరీలో మాత్రం వేణువు చాలాకాలం పక్కనే ఉండిపోయింది. దాన్ని మధ్యకి తెచ్చి కూర్చోబెట్టినవారు కుంభకోణం శరభశాస్త్రి (1872–1904). చూపు లేని మనిషి. బతికింది ముప్ఫై రెండేళ్లే. ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, త్యాగరాజస్వామి శిష్యుడు. అదే వెంకటసుబ్బయ్య దగ్గర నేర్చుకున్న సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి ఆ విద్యని మన కృష్ణా తీరానికి తెచ్చారు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు బెజవాడలో ఉండి ఎందరికో చెప్పారు. వారిలో ఒకరు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు, ఆయన పసివాడుగా ఉన్నప్పుడే పోయారు. తండ్రి పట్టాభిరామయ్య వేణువు విద్వాంసుడు. తల్లిలేని పిల్లాడు తండ్రి వేణువు వింటూ పెరిగాడన్న మాట. ఎనిమిదేళ్లకి బెజవాడలో త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేశాడు. ఇది చదివాక నాకు కొంచెంసేపు వేరే పని చెయ్యబుద్ధి కాలేదు.

తర్వాత మాలి, అంటే టి.ఆర్. మహాలింగం (1926–1986). ఏడేళ్లకే కచేరీ చేసి, వేణువు మీద గొంతులో పలికినట్టు గమకాలు పలికించారు. ఇక అత్తయ్యగారి ప్రశ్నకి జవాబు సిక్కిల్ సిస్టర్స్. కుంజుమణి, నీల అక్కచెల్లెళ్లు. దశాబ్దాల పాటు వేణువు కచేరీలు చేసి, 2002లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి అందుకున్నారు. కుంజుమణి ఎనభై ఏళ్లు బతికారు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్న మాట!

ఈ సంగతి అత్తయ్యగారికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేం పొయ్యి దగ్గర గొట్టం పెట్టి ఊదలేదూ ఏళ్ల తరబడి, కళ్లల్లోకి పొగ పోతున్నా" అన్నారు. అంతే అన్నారు. మర్నాడు చిన్నదాన్ని మాస్టారి దగ్గర చేర్పించాను.

మాస్టారు మొదట తీర్థంలో కొన్న దాన్ని పక్కన పెట్టించారు. చూడ్డానికి బాగుంటుంది, శ్రుతి కలవదు. ఎనిమిది రంధ్రాలున్న ఐదు శ్రుతి వేణువు కొనమన్నారు. మొదటి పది రోజులు వేళ్లతో పనే లేదు, ఒట్టి ఊదడమే. కింది పెదవి రంధ్రం అంచుకి ఆనించి, పెదాలు సన్నగా విడదీసి గాలి వదలాలి. ఆ గాలి అవతలి అంచుకి తగిలి కొంత లోపలికి, కొంత బయటికి పోతేనే నాదం. గట్టిగా ఊదితే వస్తుందనుకోవడమే అందరూ చేసే పొరపాటు. అలా ఊదితే తల తిరుగుతుంది కూడా. మా చిన్నది రెండో రోజే సోఫాలో కూలబడింది. అలాంటప్పుడు ఆపేసి కూర్చోవాలి.

తర్వాత వేళ్లు. వేలి కొసతో కాదు, మెత్తటి భాగంతో మూయాలి. వెంట్రుకవాసి సందు ఉన్నా స్వరం పలకదు. మన పద్ధతిలో మొదటి రెండు రంధ్రాలు మూస్తే షడ్జమం. రంధ్రాలు వరసగా పూర్తిగా మూస్తూ తెరుస్తూ పోతే దానంతట అదే హరికాంభోజి వస్తుంది. కానీ పాట నేర్చుకునేవాళ్లలాగే మాయామాళవగౌళలో సరళీ స్వరాలు వాయించాలంటే రిషభానికీ ధైవతానికీ రంధ్రం సగమే తెరవాలి. పసివేళ్లకి అది కష్టం. అందుకే మాస్టారు ముందు హరికాంభోజి చెప్పారు. నాకది నచ్చింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం పావుగంట సాధన. నిన్న అత్తయ్యగారు వత్తులు చేసుకుంటూ, నా వైపు చూడకుండానే, "రెండో కాలంలో పంచమం దగ్గర దానికి ఊపిరి చాలట్లేదు, ముందే గాలి తీసుకోమని చెప్పు" అన్నారు.