ధర్మద్రవ్యమునకు లెక్క

ధర్మసంస్థలయందు ధనము దుర్వినియోగమైనదని వినినప్పుడెల్ల మనము కాలము చెడినదని నిట్టూర్చి యూరకుందుము. కాలమును నిందించినచో మనుష్యులెవ్వరును జవాబుదారులు కాకపోదురు. ఈ దోషము నేటిదియు గాదు. చెన్నపట్టణ చరిత్రమే యిందుకు సాక్షి.

పచ్చయప్ప మొదలియారు దుబాషీగా విశేషధన మార్జించి 1794వ సంవత్సరమున మృతినొందెను. దేవాలయ కైంకర్యములకును ఇతర ధర్మములకును తన ధనము వినియోగపడవలెనని మరణశాసనము వ్రాసిపోయెను. దాత సంకల్పము నిర్మలమే. అయినను ధనము చేజిక్కినవారు దానిని చెల్లింపరైరి; వ్యాజ్యములు పెరిగెను. తుదకు సుప్రీముకోర్టులో అడ్వకేటు జనరలుగా నుండిన జార్జి నార్టను మున్నగువారి కృషివలన ధర్మము నిలిచి, ధర్మకర్తల సభ యేర్పడెను. మిగులుధనముతో 1842లో తెఱవబడిన పాఠశాలయే పిమ్మట పచ్చయప్ప కళాశాల యయ్యెను. దాత మరణమునకును ఆ పాఠశాలకును నడుమ 48 ఏండ్లు గడచెను. వ్యాజ్యము గెలిచి ధనమును రాబట్టవచ్చును గాని, ఆ నడుమ ధర్మ మందక మఱలిపోయిన దీనుల లెక్కను ఏ న్యాయస్థానము కట్టగలదు?

ఇచ్చట కొఱవడినది దాతృత్వము కాదు. ఏటేట లెక్క యడుగువాడు. ఆ యడుగు హక్కును చట్టము మెల్లమెల్లగా గుర్తించెను. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 92వ సెక్షను ధర్మమున సంబంధముగల యిద్దఱు కూడి, అనుమతి పొంది, దావా వేయుటకు దారి చూపెను. 1920 నాటి ధర్మనిధుల చట్టము అట్టివాడొక్కడైనను కోర్టుద్వారా లెక్కలు కోరవచ్చుననెను. కాని చట్టము తలుపు తెఱచును. లోనికి నడువవలసినవారము మనమే.

ధనము ఒక్కని చేత నుండరాదు. చెల్లింపులకు ఇద్దఱి సంతకము లుండవలెను. సంస్థతో చుట్టఱికము లేని తనిఖీదారు లెక్కలు చూడవలెను. ఆ లెక్కలు ఏటేట దాతల కందవలెను. తప్పు బయల్పడినచో నిందితుని బొక్కసమునుండి తొలగించి, పుస్తకములను భద్రపఱచి, బయటివారిచే విచారణ చేయింపవలెను. ఆ వార్తను దాతలకు సంస్థయే ముందుగా చెప్పవలెను. చందాలు నిలిచిపోవునని వెఱచి దాచినవారు ఒక్కని దోషమును సంస్థ కంతటికిని పూయుదురు.

మన యింటినుండి వెడలు పిడికెడు బియ్యమునకు సైతము లెక్క యడుగుట లోభము కాదు. అడుగక యిచ్చుట సగము దానమే.