బాంబార్డియర్ బిల్లీ వెల్స్: దవడ మీద పడ్డ నింద

బాంబార్డియర్ బిల్లీ వెల్స్ (1889–1967) 1911 నుంచి 1919 వరకు బ్రిటిష్ హెవీవెయిట్ ఛాంపియన్. ఎనిమిదేళ్లపాటు స్వదేశంలో ఆ బిరుదు ఎవరికీ దక్కనివ్వని ఈ లండన్ బాక్సర్‌ను చరిత్రకారులు ఒక్క మాటతో తేల్చేస్తారు: చెయ్యి చక్కనిదే, దవడ బలహీనం, గుండె నిబ్బరం అంతకన్నా తక్కువ. ఫ్రెంచి బాక్సర్ జార్జ్ కార్పెంటియే చేతిలో రెండుసార్లు కూలిపోవడం ఇందుకు సాక్ష్యమంటారు. గెలుపోటముల పట్టికను మాత్రమే ముందు పెట్టుకున్న ఈ వాదానికి, ఆ పట్టికకు ఎక్కని పోటీ కనిపించదు. వెల్స్ జీవితాన్ని మలుపు తిప్పింది ఆ జరగని పోటీయే.

1906లో రాయల్ ఆర్టిలరీలో చేరిన వెల్స్ రావల్పిండికి వెళ్లాడు. కంటోన్మెంటులో బాక్సింగ్ సిపాయిల కాలక్షేపం మాత్రమే కాదు, రెజిమెంట్ పరువుకు సంబంధించిన వ్యవహారం. అక్కడే అతనికి పూర్తికాలం సాధన చేసే వీలు, శిక్షకుడి సాయం దొరికాయి. 1909లో అఖిల భారత ఛాంపియన్ అయ్యాడు. మరుసటేడు డబ్బు కట్టి సైన్యం నుంచి విడుదలై ఇంగ్లండ్ చేరాడు. నిటారుగా నిలబడి, పొడవాటి ఎడమచేతిని సూటిగా విసిరే అతని పద్ధతి బాక్సింగ్ పుస్తకాల్లో బొమ్మ వేసినట్టుండేది. 1911 జనవరిలో గన్నర్ మోయిర్ చేతిలో ఓడినా, ఏప్రిల్ 24న కోవెంట్ గార్డెన్‌లోని నేషనల్ స్పోర్టింగ్ క్లబ్బులో అయన్ హేగ్‌ను ఆరో రౌండులో పడగొట్టి బ్రిటిష్ బిరుదు అందుకున్నాడు.

ప్రపంచ ఛాంపియన్ జాక్ జాన్సన్‌తో ఎర్ల్స్ కోర్ట్‌లో 1911 అక్టోబరు 2న పోటీ ఖాయమైంది. జాన్సన్ నల్లజాతివాడు. 1910 జులైలో రీనోలో అతను తెల్లజాతి మాజీ ఛాంపియన్ జెఫ్రీస్‌ను ఓడించాక అమెరికాలో జాతి అల్లర్లు చెలరేగాయి. ఆ భయమే ఇప్పుడు లండన్‌కు చేరింది. బాప్టిస్టు పాస్టర్ ఎఫ్.బి. మేయర్ నాయకత్వంలో చర్చిలు ఉద్యమం లేవదీశాయి. బాక్సింగ్ క్రూరమైన ఆట అన్నది పైకి వినిపించిన అభ్యంతరం. అయితే అదే లండన్‌లో తెల్లవాళ్ల మధ్య పోటీలు వారంవారం నిరాటంకంగా సాగుతూనే ఉన్నాయి. నల్లవాడు తెల్లవాణ్ని కొట్టే దృశ్యం వలస రాజ్యాల ప్రజల కంటపడితే ఏమవుతుందన్నదే అసలు బెంగ. హోం మంత్రి విన్‌స్టన్ చర్చిల్ ఈ పోటీ చట్టవిరుద్ధమన్నాడు. ఇద్దరు బాక్సర్లూ, నిర్వాహకుడూ బో స్ట్రీట్ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఈలోగా స్థలం యజమానులు నిలుపుదల ఉత్తర్వు తెచ్చుకోవడంతో పోటీ రద్దయింది. జాన్సన్ చేతిలో వెల్స్ ఓడేవాడే కావచ్చు.

ఓడినా అది ప్రపంచ ఛాంపియన్‌తో నిలబడి పోరాడిన ఓటమి అయ్యేది. దాని బదులు, రావల్పిండి గడ్డ మీద సామ్రాజ్య సైనికుడిగా తయారైన మనిషికి ఆ సామ్రాజ్యమే అడ్డం నిలిచింది. 1912లో అల్ పాల్జర్, 1913లో గన్‌బోట్ స్మిత్ న్యూయార్క్‌లో అతన్ని తొందరగానే పడగొట్టారు. ఇవి దవడ వాదానికి బలమిచ్చే ఫలితాలే. అయినా వాటి మూలం దవడలో కన్నా 1911లో రద్దయిన ఆ పోటీలోనే వెతకడం న్యాయం.

1913 జూన్ 1న గెంట్‌లో జరిగిన యూరప్ బిరుదు పోటీని పూర్తిగా చూసినవాళ్లకు దవడ వాదం సరిపోదు. మొదటి రౌండులో నేల మీద పడ్డది కార్పెంటియే. వెల్స్ ఎడమచేతి దెబ్బలకు పందొమ్మిదేళ్ల ఆ ఫ్రెంచి కుర్రాడు దారీతెన్నూ తెలియక తిరిగాడు. పడినవాణ్ని వెంటబడి ముగించాల్సిన వేళ వెల్స్ మళ్లీ దూరం తీసుకుని, పుస్తకంలో చెప్పినట్టే ఆడాడు. ఆ అదను చూసుకుని కార్పెంటియే లోపలికి దూరి, కడుపు మీద దెబ్బలు పెంచి, నాలుగో రౌండులో ఆట ముగించాడు. ఓడించింది దవడ కాదు, ఆగిపోయిన చెయ్యి. డిసెంబరు 8న లండన్‌లో రెండో పోటీ 73 సెకన్లలో ముగిసింది. అప్పటికి వెల్స్ మనసులో ఓటమి ముందే కూర్చుంది.

బ్రిటిష్ ఛాంపియన్లకిచ్చే లాన్స్‌డేల్ బెల్టును శాశ్వతంగా గెలుచుకున్న మొదటి హెవీవెయిట్ వెల్సే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లో సైనికులకు వ్యాయామ శిక్షణ నడిపాడు. 1919 ఫిబ్రవరి 27న జో బెకెట్ అయిదో రౌండులో అతని నుంచి బిరుదు లాక్కున్నాడు. ఆ డిసెంబరులో అదే బెకెట్‌ను కార్పెంటియే మొదటి రౌండులోనే పడగొట్టాడు. దవడ వాదులు ఈ ఫలితాన్ని ఎన్నడూ వెల్స్ పక్కన పెట్టి చూడరు. జాన్సన్ పోటీకి అడ్డుపడిన జాతి భేదం బ్రిటిష్ బిరుదు విషయంలోనూ ఉంది: తెల్లజాతీయులకే ఆ బిరుదు అన్న కట్టుబాటు 1948 దాకా సాగింది. ఇంగ్లండ్ హెవీవెయిట్ బాక్సింగ్ అన్నేళ్లు వెనకబడడానికి, ఎదురు నిలవదగ్గ నల్లజాతి బాక్సర్లను ముందే బయట నిలబెట్టిన ఈ విధానం కూడా ఒక కారణమనాలి.

1925లో రింగ్ వదిలిన వెల్స్, తర్వాత ర్యాంక్ సంస్థ సినిమాల మొదట్లో పెద్ద గంట మోగించే మనిషిగా తెర మీద కనిపించాడు.