శ్రీకాకుళం ఏజెన్సీ: ఎన్నికలపై నమ్మకం

అప్పటి శ్రీకాకుళం జిల్లాలోని పార్వతీపురం ఏజెన్సీలో ఎన్నికలపై నమ్మకం సడలింది పోలింగ్ కేంద్రంలో కాదు, షావుకారు అప్పుల ఖాతాలో. ఓటుహక్కు వచ్చినా, అప్పు కింద చేజారిన భూమి గిరిజనుడికి తిరిగి రాలేదు. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద, మొండెంఖల్ గిరిజన సంఘం సభకు వెళ్తున్నవారిలో ఇద్దరు భూస్వాముల వర్గం కాల్పుల్లో మరణించారు. తర్వాత సాయుధ పోరాటానికి దిగిన నక్సలైట్లు ఎన్నికల బహిష్కరణకు పిలుపునిచ్చారు. 1970 జులైలో ఉద్యమ నాయకుడు వెంపటాపు సత్యం మరణంతో ఉద్యమం బలహీనపడింది.

బహిష్కరణ తర్వాత పోలీసు బలగాలే ఓటరును పోలింగ్‌కు తిరిగి రప్పించాయన్న వాదనలో కొంత నిజముంది. ప్రాణభయం ఉన్నచోట పోలింగ్ సాగదు. అయితే ఓటు వల్ల ఒరిగేదేమిటన్న గిరిజనుడి ప్రశ్నకు తుపాకీ జవాబివ్వలేదు. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు బదలాయించడాన్ని నిషేధించిన 1/70 చట్టం, గ్రామసభకు అధికారమిచ్చిన 1996 పెసా చట్టం ఆ జవాబుకు దగ్గరగా వచ్చాయి. 1/70ను 1988లో సుప్రీంకోర్టు సమర్థించింది. చట్టాలున్నా భూమి దక్కలేదు కదా అన్న అభ్యంతరం బలమైనదే. కానీ అది అమలులోని లోపాన్నే చూపుతుంది: పట్టా చేతికందేదాకా ఎన్నికలపై నమ్మకం సగమే.