ఊళ్లో పొలానికి ట్రాక్టరా, టిల్లరా, గడ్డి కోసే మిషనా? కొనేముందు వేసుకోవలసిన లెక్క

వానలు పడి నెల తిరిగేసరికి పొలం గట్లు కనపడవు. హోసూరు, కోలారు వైపు మామిడి తోటలు కావచ్చు, సింధనూరు, గంగావతి క్యాంపుల్లో వరి మళ్లు కావచ్చు, రాయగడ, కోరాపుట్ కొండవాలులో జీడితోటలు, సిరొంచ వైపు పత్తి చేలు, యానాంలో కొబ్బరి తోటలు కావచ్చు. తాతల నాడు వచ్చి స్థిరపడిన మన కుటుంబాల్లో ఇలాంటి భూమి ఉన్నవారికి ఇప్పుడు ఒకటే బాధ. పిల్లలు పట్నాల్లో ఉన్నారు, కూలీలు దొరకడం లేదు, ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు ఓపిక లేదు. చూసుకోని భూమిలో పిచ్చిమొక్కలు, పాములు చేరతాయి. హద్దు రాళ్లు కనపడకపోతే తగాదాలూ మొదలవుతాయి. దాంతో "ఒక ట్రాక్టర్ కొని పడేద్దాం" అనే మాట వస్తుంది.

ఈ ప్రశ్నతో సంఘం దగ్గరికి వచ్చేవారికి మేము చెప్పేది ఒక్కటే. ఎన్ని హార్స్‌పవర్ అని అడిగేముందు, ఏడాదికి ఎన్ని గంటల పని ఉందో కాగితం మీద వేయండి. భూమిని కాపాడుకోవడానికి కొన్న యంత్రం కోసం ఆ భూమినే తాకట్టు పెట్టి, తర్వాత అమ్ముకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

ముందు పని ఏమిటో తేల్చుకోవాలి

పొలం, తోట బాగుచేయడంలో మూడు రకాల పనులు ఉంటాయి. ఒకటి దున్నడం. రెండు గడ్డి, పొదలు కోయడం. మూడు ఎరువు, కాయలు, కట్టెలు మోయడం. మూడూ ట్రాక్టరే చేస్తుంది కదా అనిపిస్తుంది. కానీ తోట ఉన్నవారికి ఎక్కువగా ఉండేది రెండో పని. దానికి చాలాసార్లు ట్రాక్టర్ అక్కర్లేదు.

గడ్డి కనపడగానే రోటావేటర్ వేయించడం అలవాటైపోయింది. దీనివల్ల వచ్చే నష్టం తెలుసుకోవాలి. గరిక, తుంగ ఉన్న నేలలో రోటావేటర్ తిప్పితే గరిక కాడలు ముక్కలై ప్రతి ముక్కా మళ్లీ నాటుకుంటుంది. తుంగ గడ్డలు పొలమంతా పరుచుకుంటాయి. మామిడి, జీడి, కొబ్బరి చెట్లకు ఆహారం తీసుకునే సన్నవేళ్లు పైపొరలోనే ఉంటాయి, అవి తెగిపోతాయి. కొండవాలు నేలలో దున్నిన పైమట్టి తర్వాతి వానకే కొట్టుకుపోతుంది. అందుకే తోటల్లో చెట్ల మధ్య గడ్డిని కోసి అక్కడే వదిలేయడం మేలు. అది నేలకు కప్పుగా ఉండి తేమ నిలుపుతుంది.

వయ్యారిభామ విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. దాన్ని పువ్వు రాకముందే కోయాలి. విత్తనం కట్టిన తర్వాత కోస్తే మనమే చల్లినట్టవుతుంది. ఒంటికి తగిలితే దురదలు వస్తాయి కనుక చేతులు, ముఖం కప్పుకోవాలి.

ఏ నేలకు ఏ యంత్రం

రెండెకరాల లోపు తోట, ఇంటి చుట్టు స్థలం, గట్లు: బ్రష్ కట్టర్ చాలు. గడ్డి ఒత్తుగా ఉందా పలచగా ఉందా అన్నదాన్ని బట్టి మనిషి రోజుకు అరెకరం నుంచి ఎకరం దాకా కోయగలడు. భుజానికి తగిలించుకునేవి, వీపున మోసేవి అని రెండు రకాలున్నాయి. చదును నేలకు మొదటిది, గట్లకు, వాలుకు రెండోది అనుకూలం. లేతగడ్డికి నైలాన్ తాడు, ముదురు గడ్డికి మూడు పళ్ల బ్లేడు, పొదలకు రంపపు బ్లేడు వాడాలి. టూ స్ట్రోక్ ఇంజనైతే పెట్రోల్‌లో ఆయిల్ కలపాలి. 50కి 1 పాళ్లు అని పుస్తకంలో ఉంటే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజనుకు ఆయిల్ వేరుగా పోస్తాం. అది కొంచెం బరువు, ఖరీదు ఎక్కువ, పొగ తక్కువ. పట్నాల్లో పచ్చిక కోసే చక్రాల మిషన్ రాళ్లున్న ఊరి స్థలానికి పనికిరాదు.

వరి మళ్లు, బురద నేలలు: చిన్న మళ్లలో దమ్ము చేయడానికి 12, 13 హెచ్‌పీ పవర్ టిల్లర్ బాగా పనికొస్తుంది. మళ్లు పెద్దవైతే పట్టీ చక్రాలతో ట్రాక్టర్ దిగాల్సిందే. టిల్లర్ వెనక నడిచేవాడికి చేతుల్లో, నడుములో బలం ఉండాలి. అరవై దాటినవాళ్లు సొంతంగా నడుపుదామని కొనవలసిన యంత్రం కాదు.

ఐదు నుంచి పదెకరాల తోట: ఇక్కడ 15 నుంచి 27 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ సరిపోతుంది. స్వరాజ్ 717 పదిహేను హెచ్‌పీ, మహీంద్రా జీవో 245, కుబోటా బీ2441 ఇరవై నాలుగు హెచ్‌పీ బండ్లు. ఇలాంటివి సన్నగా, పొట్టిగా ఉండటం వల్ల కొమ్మల కింద దూరతాయి. సోలాపూర్ వైపు దానిమ్మ తోటల్లా సాలుకూ సాలుకూ మధ్య దూరం తక్కువగా ఉన్నచోట పెద్ద ట్రాక్టర్ తిరగదు. వాలు నేల, తడినేల ఉంటే నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోవాలి. చదునైన ఎర్ర నేలకు టూ వీల్ డ్రైవ్ చాలు. దీని వెనక నాలుగడుగుల స్లాషర్ తగిలిస్తే గంటకు ఎకరానికి కొంచెం తక్కువ కోస్తుంది.

నల్లరేగడి, పెద్ద మెరక చేలు: లోతు దుక్కికి, ఐదారడుగుల రోటావేటర్‌కు, నిండు ట్రక్కు లాగడానికి 40 హెచ్‌పీ, ఆ పైన కావాలి. మినీ ట్రాక్టర్‌తో ఈ పని చేయిస్తే ఇంజనూ క్లచ్చూ త్వరగా పోతాయి.

గంటల లెక్క

లెక్క సులువుగా ఉండటానికి కొన్ని అంకెలు అనుకుందాం. మినీ ట్రాక్టర్, పనిముట్లు కలిపి 6 లక్షలు. పదేళ్ల తర్వాత 2 లక్షలకు అమ్ముడుపోతుంది. అంటే ఏడాదికి 40 వేలు అరిగిపోయినట్టు. సగటున 4 లక్షల మీద పది శాతం వడ్డీ మరో 40 వేలు. బీమా, సర్వీసింగ్, టైర్లు, బ్యాటరీ కలిపి 20 వేలు. బండి షెడ్డులో ఊరికే నిలబడినా ఏడాదికి లక్ష రూపాయలు ఖర్చు.

బయట అద్దె గంటకు వెయ్యి, సొంత బండికి డీజిల్, డ్రైవర్ ఖర్చు గంటకు నాలుగు వందలు అనుకుంటే, సొంతబండి వల్ల గంటకు మిగిలేది ఆరు వందలు. లక్ష రూపాయలు రాబట్టాలంటే ఏడాదికి సుమారు 167 గంటలు తిరగాలి.

ఇప్పుడు ఐదెకరాల మామిడి తోట తీసుకోండి. రెండుసార్లు దుక్కి, రెండుసార్లు గడ్డి కోత. ఎకరానికి గంటంబావు చొప్పున మొత్తం 25 గంటల పని. అద్దెకైతే 25 వేలు. సొంత బండికైతే లక్షా పదివేలు. మీ ఊరి రేట్లు వేసి ఇదే లెక్క మళ్లీ చేయండి. అంకెలు మారతాయి కానీ ఐదెకరాలకు జవాబు మారడం కష్టం.

అయితే అద్దెలో ఒక నిజమైన ఇబ్బంది ఉంది. అదును. మెట్ట నేలలో వాన పడ్డాక పదును రెండు మూడు రోజులే ఉంటుంది. అందరికీ అప్పుడే ట్రాక్టర్ కావాలి. ఊళ్లో లేనివారి వంతు చివరికి వస్తుంది. దీనికి మార్గం, పక్కపక్క పొలాల నాలుగు కుటుంబాలు కలిసి ఒక బండి కొనడం, లేదా ఒకే ట్రాక్టర్‌వాడితో సీజనుకు ముందే మాట్లాడి అడ్వాన్స్ ఇవ్వడం. కలిసి కొంటే ఎవరి పేరున బండి, ఎవరి వంతు ఎప్పుడు, రిపేరు ఖర్చు ఎలా పంచుకోవాలి అన్నవి స్టాంపు కాగితం మీద రాసుకోండి. అన్నదమ్ములైనా సరే.

ప్రభుత్వం తరఫు అద్దె యంత్రాలను కూడా మర్చిపోకండి. కర్ణాటకలో కృషి యంత్రధారె కేంద్రాలున్నాయి. తమిళనాడులో వ్యవసాయ ఇంజనీరింగ్ శాఖ నిర్ణయించిన గంట రేటుకు యంత్రాలు ఇస్తుంది. ఉళవన్ యాప్ ద్వారా అడగవచ్చు.

సబ్సిడీ, కాగితాలు

2014-15లో కేంద్రం మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకం నియమాల ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం దాకా, మిగతావారికి 40 శాతం దాకా సాయం ఉంటుంది. యంత్రాన్ని బట్టి గరిష్ఠ పరిమితి ఉంటుంది. దరఖాస్తు చేసే చోటు రాష్ట్రాన్ని బట్టి వేరు. కర్ణాటకలో రైత సంపర్క కేంద్రం, దానికి ఫ్రూట్స్ ఐడీ కావాలి. మహారాష్ట్రలో మహాడీబీటీ పోర్టల్. ఒడిశాలో గో-సుగమ్ పోర్టల్. యానాంవారు పుదుచ్చేరి ప్రభుత్వ వ్యవసాయ శాఖ కార్యాలయంలో అడగాలి. మంజూరు పత్రం రాకముందే కొన్న యంత్రానికి సాధారణంగా సబ్సిడీ రాదు. తొందరపడి బిల్లు చేయించకండి.

మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది రెండు చోట్ల. మొదటిది, భూమి ఇంకా తాతగారి పేరునే ఉండటం. పహణి అయినా, పట్టా, చిట్టా అయినా, సాత్‌బారా అయినా దరఖాస్తుదారు పేరు అందులో ఉండాలి. వారసత్వం కింద పేరు మార్పించుకోవడం ట్రాక్టర్ కంటే ముందు చేయవలసిన పని.

రెండోది పేరు రాసే తీరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. తమిళనాడులో తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనిషియల్. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి పేరు, ఆఖరున ఇంటిపేరు. ఒకే మనిషి భూమి రికార్డులో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకు పాస్‌బుక్కులో మరోలా ఉంటాడు. మూడింటి జిరాక్సులు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే ముందే సరిచేయించండి.

ధర విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్‌లో కొత్త రేటే వేశారో లేదో చూడండి. పనిముట్లు, రిజిస్ట్రేషన్, బీమా విడివిడిగా రాయించుకోండి.

అప్పు, పాత బండి

బ్యాంకు అప్పుకు భూమి తాకట్టు అడుగుతారు. ప్రైవేటు ఫైనాన్సువారు బండి మీదే ఇస్తారు కానీ వడ్డీ ఎక్కువ. నెల వాయిదా ఎంత అని మాత్రమే కాక మొత్తం కట్టేది ఎంత అని అడగండి. వాయిదాలు నెలనెలా కాకుండా పంట డబ్బు చేతికొచ్చే నెలల్లో పెట్టించుకోవడం మంచిది. అప్పు తీరాక ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు కొట్టివేయించేదాకా పని పూర్తికాలేదని గుర్తుంచుకోండి.

పాత బండి కొనేవారు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లాలి. ఉదయం చల్లగా ఉన్న ఇంజనును మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. అంతకుముందే వేడిచేసి ఉంచితే లోపం తెలియదు. బరువు ఎత్తి ఇంజను ఆపితే హైడ్రాలిక్ లిఫ్టు వెంటనే జారకూడదు. పీటీవో వేసి, తీసి చూడాలి. గంటల మీటరు ఒక్కదాన్నే నమ్మకుండా పెడల్ అరుగుదల, టైర్లు, ముందు చక్రాల ఊగులాట చూడాలి. ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యి ఆర్‌సీ మీ పేరుకు మారేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.

కొత్తదైనా పాతదైనా, ఇరవై కిలోమీటర్ల లోపు సర్వీసు, స్పేర్లు ఉన్న కంపెనీదే తీసుకోండి. అదును రోజుల్లో ఒక బేరింగ్ కోసం వారం ఆగాల్సొస్తే సొంత బండి ఉన్న లాభం ఏమీ ఉండదు.

ప్రాణాలకు సంబంధించిన మాట

పీటీవో షాఫ్టు నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. పంచె అంచు, చీరకొంగు, తువ్వాలు చిక్కితే మనిషిని లాగేస్తుంది. దాని మీద తొడుగు లేని పనిముట్టు వాడవద్దు. ఇరుక్కున్న గడ్డి తీయాలంటే ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే చేయి పెట్టాలి. వాలులో అడ్డంగా తిప్పితే ట్రాక్టర్ పక్కకు బోల్తా పడుతుంది.

ట్రాక్టర్‌లో ఒక్క డ్రైవర్‌కే సీటు ఉంది. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టుకోవడం మురిపెం కాదు. జారితే వెనక చక్రం కిందికే పడతారు. బీమా కంపెనీ కూడా పరిహారం ఇవ్వనని అడ్డు చెబుతుంది. బ్రష్ కట్టర్ రాయిని తూటాలా విసురుతుంది. నడిపేవారికి కళ్లద్దాలు, బూట్లు ఉండాలి. మిగతావారు పదిహేను మీటర్ల దూరంలో ఉండాలి. ఎండాకాలం ఎండుగడ్డిలో బ్లేడు రాయికి తగిలి నిప్పురవ్వ లేస్తే తోటకే ముప్పు. దగ్గర్లో నీళ్లు పెట్టుకోండి, వీలైతే ఉదయం పూటే కోయండి.

మొత్తం మీద మా సలహా ఇది. ఐదెకరాల లోపు ఉన్నవారు మంచి బ్రష్ కట్టర్ ఒకటి కొనుక్కుని దుక్కి పని అద్దెకు ఇవ్వండి. ఐదు నుంచి పదెకరాల తోట ఉన్నవారు ఇరుగుపొరుగుతో కలిసి మినీ ట్రాక్టర్ ఆలోచించండి. సొంతంగా పెద్ద ట్రాక్టర్ కొనేది, పై గంటల లెక్కకు సరిపడా పని చూపించగలిగినవారు మాత్రమే. ఎవరి విషయంలోనైనా, ముందు భూమి కాగితాలు మీ పేరుకు మార్చుకోండి.