పసిబిడ్డ కుల్లాయి: కొలత, కుట్టు, జాగ్రత్తలు

తలను, చెవులను కప్పుతూ గడ్డం కింద నిలిచే మెత్తని గుడ్డ టోపీ పసిపిల్లల దుస్తులలో ప్రాచీనమైనది. టోపీకి తెలుగులో కుల్లాయి అనే పేరుంది. శ్రీనాథుని పేరిట ప్రసిద్ధమైన చాటుపద్యంలో ఈ మాట కనిపిస్తుంది. పారసీక భాషలోని 'కులాహ్' దీనికి మూలం. కన్నడంలో పసిపిల్లల టోపీ కులావి. తమిళంలో టోపీని కుల్లా అంటారు. మరాఠీ ఇళ్ళలో తల మీదుగా వీపు దాకా జారే దానిని కుంచి అంటారు. సరిహద్దుకు ఇరువైపులా మాట కొద్దిగా మారినా వస్తువు ఒక్కటే. బాగలకోట జిల్లా గుళేదగుడ్డలో నేసే రవికె గుడ్డ 'ఖణ'తో కులావి కుట్టడం ఉత్తర కర్ణాటకలో వాడుక.

అయితే చంటిబిడ్డకు కుట్టిన కుల్లాయి నడక వచ్చిన బిడ్డకు పనికిరాదు. ఒడిలో ఉన్న బిడ్డ కుల్లాయిని తల్లి చూసుకుంటుంది. నడిచే బిడ్డ మంచం కోడును, తలుపు గడియను, కంపచెట్టును రాసుకుంటూ తిరుగుతుంది. అందువల్ల ఏడాది నుండి మూడేళ్ళ బిడ్డకు కుట్టే కుల్లాయిలో అందం కంటే కొలతకు, కట్టుకు ప్రాధాన్యం ఇవ్వాలి.

గుడ్డ ఎంపిక

మల్లు, వాయిల్ వంటి పలుచని నూలుగుడ్డ శ్రేష్ఠం. యానాం వంటి ఉక్కపోత ప్రాంతాలకు, సిరొంచ వంటి ఎండ ప్రాంతాలకు పైగుడ్డ, లోగుడ్డ రెండూ పలుచగా ఉండాలి. హోసూరు, రాయగడ వైపు చలికాలానికి లోపల మెత్తని ఫ్లానల్ వేయవచ్చు. అమ్మమ్మ కట్టి ఉతికిన నూలుచీర లోగుడ్డకు ఎంతో అనువైనది. అనేక ఉతుకులు పడినందున అది ఇక కుంచించుకుపోదు, ఒరుసుకోదు. కొత్త గుడ్డనైతే ఒకసారి నీళ్ళలో తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన తరువాతనే కత్తిరించాలి. జరీ అంచు, పాలియెస్టర్ లోపలి వైపు తగలరాదు. 90 సెం.మీ. పన్నా గుడ్డ అర మీటరు ఉంటే పైగుడ్డకు, లోగుడ్డకు సరిపోతుంది.

కొలతలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలలో మధ్యస్థంగా తల చుట్టుకొలత ఏడాది బిడ్డకు 45-46 సెం.మీ., రెండేళ్ళకు 47-48, మూడేళ్ళకు 48.5-49.5. అంటే ఒక కుల్లాయి సుమారు ఏడాది పాటు వస్తుంది. వయసును బట్టి కాక బిడ్డ తలను బట్టి ఈ మూడు కొలతలు తీసుకోవాలి.

1. ఒక చెవి తమ్మె కింది నుండి నడినెత్తి మీదుగా రెండవ చెవి తమ్మె కింది వరకు.
2. నుదుటి పైన జుట్టు మొదలయ్యే చోటి నుండి తల వెనుక సుడి వరకు.
3. ఒక చెవి కింది నుండి మెడ వెనుకగా రెండవ చెవి కింది వరకు.

తల 48 సెం.మీ. ఉన్న బిడ్డకు ఇవి సుమారు 37, 14, 28 సెం.మీ. ఉంటాయి. నాలుగువైపులా కుట్టుకు 1 సెం.మీ. కలిపి, ముందుభాగానికి 39 × 16 సెం.మీ. దీర్ఘచతురస్రం కత్తిరించాలి. వెనుకభాగం గుర్రపు లాడం ఆకారంలో, 13 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు ఉండాలి, దాని పైభాగం గుండ్రన, అడుగు తిన్నన. లోగుడ్డలోనూ ఇవే రెండు ముక్కలు కావాలి. మంచి గుడ్డ మీద కత్తెర పెట్టకముందు పాతగుడ్డతో ఒకటి కుట్టి బిడ్డ తలకు పెట్టి చూడటం మేలు.

కుట్టే క్రమం

మొదట పైగుడ్డ దీర్ఘచతురస్రంలో ఒక పొడవు అంచున, నడిమి మూడోవంతు భాగంలో, రెండు వరుసల వదులు కుట్టు వేసి దారం లాగి కుచ్చు తీయాలి. 37 సెం.మీ. అంచు 32 సెం.మీ.కు రావాలి. లాడం ముక్క వంపు కూడా అంతే ఉంటుంది. రెండింటి మధ్యబిందువులు గుర్తించి, మంచి వైపులు కలిపి, అడుగు కొసల నుండి పైకి గుండుసూదులు పెట్టి కుట్టాలి. లోగుడ్డనూ ఇదే విధంగా కుట్టాలి.

తరువాత రెండు టోపీలనూ మంచి వైపులు ఎదురెదురుగా ఉంచి, ముఖం వైపు అంచు మాత్రమే కుట్టి, తిరగవేసి ఇస్త్రీ చేయాలి. అంచు నుండి అర సెం.మీ. లోపల మరొక కుట్టు వేస్తే లోగుడ్డ బయటకు జారదు.

ఇక మెడ అంచు. ఇరువైపులా ముందు 4 సెం.మీ. విడిచి, మిగిలిన భాగాన్ని కుచ్చు లాగి, మొత్తం అంచును మూడవ కొలతకు, అనగా 28 సెం.మీ.కు తేవాలి. 4 సెం.మీ. వెడల్పు క్రాసు పట్టీతో ఈ అంచును మూయాలి. లోపల మిగిలిన కుట్టు అంచులు బిడ్డ మెడకు గుచ్చుకోకుండా పట్టీలో పూర్తిగా ఇమడాలి.

కట్టు విషయంలో హెచ్చరిక

పూర్వం గడ్డం కింద నాడా ముడి వేసేవారు. పొడవైన నాడా ఎక్కడైనా చిక్కుకుంటే మెడకు ఉరి పడే ప్రమాదం ఉంది. ఇటువంటి మరణాల కారణంగానే అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 1996లో పిల్లల పైదుస్తుల మెడ, తలభాగాల లాగుదారాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. 2004లో వెలువడిన ఐరోపా ప్రమాణం చిన్నపిల్లల దుస్తులలో ఆ భాగాన వాటిని నిషేధించింది.

కనుక నాడాకు బదులు 2.5 సెం.మీ. వెడల్పు గుడ్డపట్టీని ఒకవైపు కుట్టి, రెండవ కొసను 2 సెం.మీ. వెల్‌క్రో ముక్కతో అంటించేలా చేయాలి. వెల్‌క్రో గరుకు వైపు చర్మానికి తగలకూడదు. పెట్టిన తరువాత గడ్డం కింద రెండు వేళ్ళు సులభంగా దూరాలి. కొద్దిగా లాగితే పట్టీ ఊడిపోవాలి. ఊడిపోవడం లోపం కాదు, అదే దాని ప్రయోజనం.

మరికొన్ని జాగ్రత్తలు

పూసలు, అద్దాలు, గజ్జెలు కుట్టరాదు. ఊడినవి నోట్లోకి, అక్కడి నుండి గొంతులోకి పోతాయి. దిష్టికి నల్లపూస కుట్టే ఆచారం ఉన్న ఇళ్ళలో నల్లదారంతో చుక్క కుట్టవచ్చు. అందం కావాలంటే దారపు పువ్వులు చాలు.

ముందు అంచు కనుకొలకులకు అడ్డు వస్తే బిడ్డ పక్కకు చూడలేక పడిపోతుంది. అటువంటప్పుడు కింది మూలలను ఒకటిన్నర సెం.మీ. వంపుగా తగ్గించాలి.

నిద్రలో, ఉయ్యాలలో కుల్లాయి తీసివేయాలి. అది ముఖం మీదికి జారవచ్చు. తల నుండి వేడి పోక ఒళ్ళు కాగవచ్చు. ఇంట్లో ఉండే శిశువులకు, పుట్టిన తొలి గంటలు మినహా, టోపీ వద్దని అమెరికా శిశువైద్యుల సంఘం 2022 సూచనలలో పేర్కొన్నది. కుల్లాయి ఉన్నది కదా అని మిట్టమధ్యాహ్నం బిడ్డను ఎండలో తిప్పరాదు. చెమటతో తడిసిన కుల్లాయిని వెంటనే మార్చాలి. అందుకే రెండు కుట్టి ఉంచుకోవడం మంచిది.

పెద్దక్క కుల్లాయిని చిన్నవాడికి పెట్టే ముందు కుట్లు, వెల్‌క్రో మరల పరీక్షించాలి. నాయనమ్మ కుట్టిన పాత కుల్లాయికి నాడాలుంటే వాటిని కత్తిరించి పట్టీ వేయవచ్చు. అప్పుడు అది పెట్టెలో దాచిన జ్ఞాపకంగా మిగిలిపోక, మరొక బిడ్డ తలను కాస్తుంది.