బందరు కలము

కృష్ణానది సాగరమున గలియు చోటికి చేరువగా, బంగాళాఖాతపు తీరమున నున్న మచిలీపట్టణమును తెలుగువారు వాడుకగా బందరు అందురు. బందరు అనగా పారశీక భాషలో రేవు. ఆ పట్టణమునకు దేశదేశములలో కీర్తి తెచ్చిన పనికి గల పేరు కూడ ఆ భాషనుండి వచ్చినదే. కలముతో బట్టపై చేయు పని కలంకారి. కొన్ని శతాబ్దులు బందరు కలము బట్టపై నడిచినది. ఆ పిమ్మట కాగితముపైకి మారినది. ఈ మార్పు వలన ఆ ఊరు ఏమి పొందినది, ఏమి పోగొట్టుకొన్నది అనునది ఆంధ్రులు ఆలోచింపదగిన విషయము.

క్రీస్తుశకము మొదటి శతాబ్దికి చెందిన 'పెరిప్లస్' అను గ్రీకు నావిక గ్రంథము, మసాలియా అను తీరదేశమున సన్నని నూలుబట్టలు విస్తారముగ తయారగుచుండెనని పేర్కొన్నది. అది కృష్ణా తీరప్రాంతమేయని చరిత్రకారుల అభిప్రాయము. గోలకొండ కుతుబ్‌షాహీల యేలుబడిలో బందరు వారి రాజ్యమునకు ప్రధానమైన రేవయ్యెను. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను అచ్చట వర్తకమునకు దిగిరి. బంగాళాఖాతములో ఓడలు నిలుచుటకు ఇంతకన్న మంచి తావు లేదనియు, పెగూ, సయాము మొదలు మక్కా, హోర్ముజుల వరకు ఇచ్చటినుండి ఓడలు పోవుచున్నవనియు ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే వ్రాసెను.

ఈ ఓడలను నింపిన సరకులలో ముఖ్యమైనవి రంగుటద్దకపు బట్టలు. వాని వెనుక నున్న విద్య సామాన్యమైనది కాదు. మొదట నూలుబట్టను కరక్కాయ రసమునందును పాలయందును తడిపి యారవేయుదురు. ఎఱుపు రావలసిన చోట పటికనీటితోను, నలుపు రావలసిన చోట తుప్పుపట్టిన యినుమును బెల్లపునీటిలో నానవేసి తీసిన ద్రవముతోను చిత్రింతురు. పటికకు స్వతహాగా రంగు లేదు. బట్టను చిరువేరు వేసి మరిగించినప్పుడే పటిక తగిలిన చోటెల్ల ఎఱ్ఱబారును. ఈ చిరువేరు కృష్ణా ముఖద్వార పరిసరముల ఇసుకనేలలలో మేలైనదిగా లభించుచుండెను. నీలిరంగు అంటరాని భాగములను మైనముతో కప్పెడివారు. ఒక్కొక్క రంగునకు నడుమ పారునీటిలో జాడించి, ఎండలో పరచవలెను. కలముతో గీయుటయే గాక, చెక్క అచ్చులతో అద్దుట ఇచ్చటి ప్రత్యేకత. నేత, అద్దకము, చాకిరేవు, అచ్చుచెక్కడము, వేరుసేకరణము అన్నియు కలిసి ఎన్నో కుటుంబములకు జీవనాధారమయ్యెను.

ఇట్టి వర్తకము ఒక్కనాట నశింపలేదు. తూర్పుతీరమున ఇంగ్లీషువారి ప్రధానస్థానము 1641లో మద్రాసునకు తరలెను. 1687లో గోలకొండ మొగలాయీల వశమయ్యెను. ఐరోపాలో ఈ బట్టలపై మోజు పెరిగినకొలది అచ్చటి నేతగాండ్రకు భయము కలిగెను. ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1700లోను, మరల 1720లోను శాసనములు చేసి వాని వాడుకను అరికట్టెను. పోటీలో ఓడింపలేని సరకును చట్టముతో ఓడించిరి. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి బందరు కోటను పట్టుకొనిన పిమ్మట ఇంగ్లీషు కంపెనీకి ఎదురు లేకపోయెను. కంపెనీ బయానాలకు కట్టుబడిన నేతగానికి తన బట్టకు తాను ధర చెప్పుకొను స్వేచ్ఛ తగ్గిపోయెను. 19వ శతాబ్దిలో లాంకషైరు యంత్రవస్త్రములు వచ్చి పడెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానులో సముద్రము ఊరిపైకి వచ్చి దాదాపు 30,000 మందిని బలిగొనెను. 1869 నాటికి ఐరోపా రసాయన శాస్త్రజ్ఞులు ఎఱ్ఱరంగును కృత్రిమముగ తయారుచేయగా, చిరువేరునకు గిరాకీయే లేకపోయెను.

తుపానునకు 21 ఏండ్లు ముందే బందరులో రెండవ కలము పుట్టినది. రాబర్టు నోబుల్ అను క్రైస్తవ మతాచార్యుడు 1843లో ఇంగ్లీషు పాఠశాలను నెలకొల్పెను. అది కాలక్రమమున నోబుల్ కళాశాలయై, తెలుగుదేశమున పేరుగాంచిన విద్యాలయములలో ఒకటిగా నిలిచెను. బందరు జిల్లా ముఖ్యపట్టణ మగుటచే కచ్చేరీలు, న్యాయస్థానములు వెలసెను. చదివినవారికి ఉద్యోగములు దొరకెను. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు నోబుల్ కళాశాలలో బోధించిరి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులై విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతముల వంటి శిష్యులను తయారుచేసిరి. 1902లో వెలసిన కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావుగారి చేతిలో ఆంధ్రుల వాణి యయ్యెను.

అయినను ఇచ్చట ఒక సత్యమును మరువరాదు. మగ్గము పోగొట్టుకొన్నవాడొకడు, చదువు పొందినవాడు మరియొకడు. నోబుల్ దొర ఉద్దేశించినదే అగ్రవర్ణముల పిల్లలను. అద్దకపువాని కుమారుడు ఆ బడిమెట్లు ఎక్కుట అరుదు. కనుక వస్త్రవర్తకము విద్యగా మారినదనుట ఊరి విషయమున నిజమేగాని, ఇంటింటి విషయమున నిజము కాదు. అంతేకాక, పూర్వము బందరునుండి బట్ట ఓడలెక్కి పోయి, దాని వెల ఊరికి తిరిగి వచ్చెడిది. తరువాత చదువుకొన్న బిడ్డలు రైలెక్కి పోయిరి. వారిలో తిరిగి వచ్చినవారు కొందరే.

ఈ లోపమును గుర్తించినవారు బందరులోనే కలరు. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు కలిసి స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల 1910లో ప్రారంభమయ్యెను. అక్షరమును చేతిపనిని విడదీయరాదని దాని ఆశయము. పుస్తకవిద్యతోపాటు నేత, వడ్రంగము, చిత్రకళ అచ్చట నేర్పిరి. ప్రత్తిపై పరిశోధనలు చేసి 'పత్తి వెంకయ్య' అనిపించుకొనిన పింగళి వెంకయ్యగారు అచ్చటి అధ్యాపకులే. 1921లో బెజవాడలో గాంధీమహాత్మునికి జాతీయ పతాకపు నమూనా సమర్పించినది వారే. ప్రమోదకుమార చటర్జీ అచ్చట చిత్రకళ నేర్పగా, ఆయన శిష్యుడైన అడివి బాపిరాజుగారు తరువాత ఆ కళాశాలకే అధ్యక్షులైరి. హనుమంతరావుగారు తన సర్వస్వమును దానికే ధారవోసి 1922లో చిన్నవయస్సుననే అస్తమించిరి. ప్రభుత్వపు పట్టా లేనిదే ఉద్యోగము లేని కాలములో అట్టి సంస్థ నిలుచుట కష్టమయ్యెను. తుదకు అదియు పట్టాలకు చదివించు కళాశాలలలో ఒకటియైనది.

పట్టాభిగారు 1923లో బందరున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు దేశమంతట వ్యాపించి, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది. 2008లో కృష్ణా విశ్వవిద్యాలయము బందరు కేంద్రముగ వెలసినది. అద్దకము కూడ పూర్తిగ అంతరింపలేదు. స్వాతంత్ర్యానంతరము కమలాదేవీ చట్టోపాధ్యాయ వంటివారి ప్రోత్సాహముతో అది మరల కన్ను తెరచినది. బందరునకు సమీపమున నున్న పెడనలో నేటికిని చెక్క అచ్చులు బట్టపై పడుచున్నవి.

చదువు చేపట్టుట బందరు చేసిన తప్పు కాదు. అది లేకున్న ఆ ఊరు గతవైభవపు శిథిలముగ మిగిలియుండెడిది. కాని చదువునకు చేతిపని అక్కరలేదని తలచుట వలన నష్టము కలిగినది. హనుమంతరావుగారు వేసిన ప్రశ్న నేటికిని సమాధానము కోరుచున్నది. ఉద్యోగరీత్యా దూరదేశములలో కాపురము చేయు ఆంధ్ర కుటుంబములలో కొందరి యింట బందరు అద్దకపు దుప్పటి ఉండవచ్చును. దానిని పరచునపుడు, ఆ ఎఱుపు వెనుక నున్న విద్యను పిల్లలకు చెప్పుటయు, తమను ఉద్యోగములకు పంపిన చదువు ఎవరి యింటివరకు చేరలేదో తలచుకొనుటయు ఆ ఊరి ఋణము కొంతయైన తీర్చు మార్గములు.