అద్దాలగదిలో పెరిగిన కాఫీ వంశం

కాఫీ కథ చెప్పేవాళ్లు ఇథియోపియా అడవిలో మొదలుపెట్టి, యెమెన్ రేవు మీదుగా నేరుగా బ్రెజిల్ తోటల్లో దిగుతారు. దారిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక అద్దాలగది ఉంది. అది లేకపోతే అమెరికా ఖండాల కాఫీ చరిత్ర ఇంకోలా ఉండేది. 1706లో డచ్చివారు జావా నుంచి ఒక కాఫీ మొక్కను తెచ్చి అక్కడి వృక్షోద్యానంలో పెట్టారు. జావా తోటలకు నారు వెళ్లింది మన మలబారు తీరం నుంచే. మంచు తగిలితే చచ్చిపోయే పొద కాబట్టి ఎండ కోసం గాజు పలకలు, చలికి పొయ్యి అమర్చి సాకారు. మల్లెల్లాంటి తెల్లపూలు పూసింది, ఎనిమిది తొమ్మిది నెలలకు కాయలు ఎర్రబడ్డాయి, గింజలు మొలిచాయి. 1714లో ఆ సంతతి మొక్క ఒకటి పద్నాలుగో లూయీకి కానుకగా పారిస్ చేరింది. తర్వాత కొన్నేళ్లకే ఆమ్‌స్టర్‌డామ్ మొక్కలు సురినామ్‌కూ, పారిస్ మొక్క మార్టినిక్‌కూ వెళ్లాయి. మార్టినిక్ తీసుకెళ్లిన ద క్లియూ, ఓడలో తన వాటా నీళ్లు పోసి మొక్కను బతికించానని రాసుకున్నాడు. చెప్పింది ఆయనే కనుక కాస్త తగ్గించి నమ్మాలి. సురినామ్ నుంచి ఫ్రెంచి గయానాకు, అక్కడి నుంచి 1727లో బ్రెజిల్‌కు కాఫీ పాకింది.

రాజుల ముచ్చటకు ఇంత పెద్దపీట ఎందుకు, వర్తకులు గింజలు పట్టుకెళ్లి చల్లుకునేవారు కదా అనవచ్చు. కాఫీ గింజ మొలకశక్తి కొద్ది నెలల్లోనే సన్నగిల్లుతుంది. ఎర్రసముద్రం నుంచి ఆఫ్రికా చుట్టి అట్లాంటిక్ దాటే లోపు అది వట్టి సరుకే. దారి మధ్యలో బతికున్న చెట్టు కావాలి. పైగా అరబికా తన పుప్పొడితోనే కాయ కాస్తుంది, అందుకే ఒంటి మొక్క చాలింది. రోబస్టా అయితే తోడు మొక్క లేనిదే గింజ పట్టదు. ఫ్రెంచివారు యెమెన్ నుంచి నేరుగా బూర్బన్ దీవికి తీసుకెళ్లిన మొక్కలకు ఈ గది అవసరం పడలేదన్నది నిజమే. ఆ రకం బ్రెజిల్‌లో అడుగుపెట్టింది మాత్రం 19వ శతాబ్దంలోనే. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: కాఫీని పంటగా నిలబెట్టింది గాజు కాదు, బానిసల చెమట. కాదనలేం. నేను గదికి కట్టబెట్టేది మొక్కను అందించిన పాత్ర ఒక్కటే.

దాని వెంటే ఓ లోపాన్నీ కట్టబెట్టాలి. ఇంత ఇరుకు సంతతిలో తెగులును తట్టుకునే గుణం ఎక్కడుంటుంది? 1970లో బ్రెజిల్‌లోని బయ్యా రాష్ట్రంలో ఆకు కింద నారింజరంగు పొడి కనిపించింది, కుంకుమ తెగులు. బూర్బన్ రకమూ గట్టెక్కించలేదు, దానికీ ఆ తెగులు సోకుతుంది. తట్టుకునే రకాల కోసం శాస్త్రవేత్తలు తిమోర్ దీవిలో అరబికా, రోబస్టా వాటంతటవే కలిసి పుట్టిన సంకరం దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది.